ఎర్రమూత సీసా

బోటుకు తాడు కడుతుంటే పెంటయ్య చూపుడువేలి గోరు ఊడి వచ్చింది. నొప్పి లేదు, నెత్తురు లేదు. ఉల్లిపొరలా లేచి, గాలికి ఎగిరి, కట్ట మీద కొత్తగా పరిచిన గులాబీరంగు రాళ్ల మీద పడింది. అతను దాన్ని కాలితో గడ్డిలోకి నెట్టి చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదు. చూసినా కూలివాడి గోరు ఎవరికి కావాలి?

నెలరోజుల్లో ఇది మూడో గోరు. అరచేతులు కూడా తెల్లబడ్డాయి. ముప్పై ఏళ్లుగా గుర్రపుడెక్క పీకి పీకి కాసిన కాయలన్నీ మాయమై, పురిటిబిడ్డ చేతుల్లా నున్నగా తయారయ్యాయి. ఏ ముసలితనంలోనూ ఇలా జరగదని అతనికి తెలుసు.

దోసిలికుంట ఇప్పుడు చూడ్డానికి బాగుంది, కాదనడానికి లేదు. రెండు చేతులు దగ్గరికి చేర్చి పట్టినట్టు నగరం నడుమ ఉండే కుంట ఇది. పెంటయ్య తండ్రి కాలంలో చేపలు పట్టేవాళ్లు. పెంటయ్య కాలానికి నాలాలన్నీ దీంట్లోకే తిప్పారు. వానాకాలంలో నురగ రోడ్డెక్కి బస్సుల్ని ఆపేది. అలాంటి నీళ్లలో ఇప్పుడు మనిషి లోతున రాళ్లు కనబడుతున్నాయి. చుట్టూ పార్కు, మధ్యలో పడవలు నిలిపే మెరీనా, తొమ్మిది రోజుల్లో ప్రారంభం. ఈ ఘనతంతా చీపురుది.

తూము పక్కన రేకుల షెడ్డులో ఉండే ప్రయోగశాల వాళ్లు దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారు. కూలీల నోరు తిరగక చీపురు అన్నారు. కంటికి ఆనని జీవి. నీళ్లలో మురికిని వెతుక్కుంటూ పోయి తినేస్తుంది. గుంపుగా చేరినప్పుడు మాత్రం అభ్రకం పొడి చల్లినట్టు తళతళ మెరుస్తుంది. పది నెలల్లో కుంటంతా ఊడ్చేసింది.

*

పెంటయ్యది ముద్దుపేరు కాదు, అసలు పేరే అది. ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, నాలుగోవాడైనా దక్కాలని వాళ్లమ్మ పసిగుడ్డును పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకుని, ఆ పేరే పెట్టింది. బతికాడు. బడిలో పంతులు హాజరు పిలిచినప్పుడల్లా వెనక వరుస పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వేవాళ్లు. నాలుగో తరగతి దాకా ఓర్చుకుని, ఐదుకు పోలేదు.

ఆ పేరున్న మనిషినే వసుమతి మేడమ్ పోయిన ఎండాకాలం షెడ్డుకు పిలిపించింది. ఆమె యాభై దాటిన మనిషి, ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే కళ్లు. ఎనిమిదేళ్లుగా ఈ ఒక్క జీవి వెనకే తిరుగుతోందని చెప్పుకునేవాళ్లు. బల్ల మీద రెండు సీసాలు పెట్టింది. ఒకదానికి ఎర్రమూత, ఒకదానికి తెల్లమూత.

"ఈ కుంట గురించి నీకంటే ఎవరికి తెలుసు పెంటయ్యా? ఎక్కడ బాగా కుళ్లిందో అక్కణ్ణుంచి ఈ ఎర్రమూత సీసా నిండా తే."

"కుళ్లనిది యాడుందో అడుగుర్రి, జల్ది చెప్తా."

ఆమె నవ్వలేదుగానీ విసుక్కోలేదు కూడా. "చీపురుకు ఏది ఊడ్చాలో మనం నేర్పాలి. మొదటి పద్నాలుగు రోజులూ ఎర్రసీసాలోది పెడతాం, ఇది తిను అని. తెల్లసీసాలోది చూపిస్తాం, దీని జోలికి పోకు అని. అప్పుడు నేర్చుకుంది ఇక మరిచిపోదు."

"మా ఇంట్ల పోరికంటె నయమే."

తెల్లసీసాలో అప్పటికే మంచి రేగడి, తామరదుంప ముక్కలు, చేప జిగురు వేసి ఉన్నాయి. వాటితోపాటు గుడ్డపీలికలు. "మా ఆఫీసువాళ్లందరి చెమట. రేపు జనం నీళ్లలో చెయ్యి పెడితే ఏమీ కాకూడదు కదా" అందామె. కూలీల చెమట ఎవరూ అడగలేదు. అడగాలని పెంటయ్యకూ తోచలేదు. తమ చెమట ఎప్పుడో కుంటలో కలిసిపోయిందని అందరూ అనుకునే ఉంటారు.

నీలం తొడుగులు, పొడుగు పిడి ఉన్న స్టీలు గరిటె ఇచ్చింది. "ఉత్త చేత్తో మాత్రం ముట్టుకోకు. గుర్తుంటుందిగా?"

"ఉంటది మేడమ్."

గుర్తుంది కూడా. కానీ పుట్టి తోసుకుంటూ ఆసుపత్రి నాలా కలిసే మూలకు పోయి, గరిటె ఎత్తేసరికి చెయ్యి ఆగిపోయింది. దోసిలికుంటలోంచి పని మొదలుపెట్టి మొట్టమొదట ఏది తీసినా దోసిలితోనే తీయాలి. ఇనుము తగలకూడదు. తాత అలాగే తీశాడు, తండ్రి అలాగే తీశాడు. ఏడాదికి మొదటి చేపనైనా సరే వలలోంచి రెండు చేతులతో ఎత్తి, మళ్లీ నీళ్లకు చూపించేవాడు తండ్రి. ఇప్పుడు చేపలు లేవు, తీయడానికి మిగిలింది కుళ్లే. అయినా మొదటిది మొదటిదే కదా.

తొడుగులు విప్పి పుట్టిలో పెట్టాడు. మోచేతుల దాకా ముంచి దోసిలి పట్టాడు. ఇంజను ఆయిల్లా నల్లటి బురద. సీసా మూతి సన్నంగా ఉంటే వేళ్లతో కుక్కి కుక్కి నింపాడు. నుదుటి చెమట మణికట్టు మీదుగా సీసాలోకే కారింది. వాడినట్టు కనబడాలి కాబట్టి తర్వాత గరిటెను కూడా ఒకసారి బురదలో ముంచాడు.

షెడ్డులో కాగితం ఇచ్చారు. తొడుగులు వాడారా అన్నచోట "అవును" అని ముందే అచ్చు వేసి ఉంది. కింద తన పేరులోని మూడక్షరాలూ కూడబలుక్కుని రాశాడు.

*

నాలుగో గోరు ఊడిన రోజు షెడ్డుకు పోయాడు. వసుమతి అతని చేతులు చూసి, మూడు గాజుగ్లాసుల్లో కుంటనీళ్లు పోసింది. ఒక దూదిముక్కతో తన మణికట్టు రుద్దుకుని మొదటి గ్లాసులో వేసింది. వాచ్‌మన్ ఖాజాను పిలిచి అతని మెడ తుడిచి రెండోదాంట్లో వేసింది. మూడోది పెంటయ్యది.

రెండు గ్లాసుల్లో దూది తేలుతూ ఉండిపోయింది. మూడోదాంట్లో అడుగునుంచి మెరుపు లేచింది. నింపాదిగా, దారి తెలిసినట్టు పైకి వచ్చి దూదిని కమ్మేసింది.

"యా అల్లా" అన్నాడు ఖాజా. "నిన్ను గుర్తువట్టిందిరా పెంటా!"

"ఇన్నాళ్లూ దానికి వేరే తిండి ఉంది" అంది వసుమతి గ్లాసు మీదనుంచి చూపు తిప్పకుండా. "ఇప్పుడు కుంటలో మురికి అయిపోయింది." మిగిలింది ఏమిటో ఆమె చెప్పలేదు. "పెంటయ్యా, ఆ రోజు తొడుగులు వేసుకునే తీశావు కదూ?"

"ఏసుకున్న మేడమ్. సంతకం గూడ పెట్టిన."

పెద్దవాళ్లు ఏది అడిగినా వాళ్లకు కావలసిన జవాబే చెప్పడం ముప్పై ఏళ్ల అలవాటు. కాంట్రాక్టర్లు మారారు, అడిగే ప్రశ్నలు మారలేదు. నోరు దానంతటదే అనేసింది.

"సరే. నీళ్లు మాత్రం ముట్టకు. ఎక్కడ పొరపాటు జరిగిందో చూస్తాను."

బయటికి వచ్చాక భయం పట్టుకుంది, తన గురించి కాదు. రేపు పొద్దున పదింటికి రవళి ఈ నీళ్లలోనే దూకాలి.

*

రవళి అతని ఒక్కగానొక్క బిడ్డ. నాలుగు నెలలుగా నగరం అవతలి జలాశయంలో బోటు నడపడం నేర్చుకుంది. దోసిలికుంట మెరీనాలో మొదటి ఆడ కెప్టెన్ అని పేపర్లో ఫొటో కూడా పడింది. ఆఖరి పరీక్ష ఈత. అది మాత్రం ఈ కుంటలోనే.

సాయంత్రం పెంటయ్య ప్లాస్టిక్ సీసాలో కుంటనీళ్లు పట్టి ఇంటికి తెచ్చాడు. వంటింట్లో స్టీలు గ్లాసులో పోశాడు. దండెం మీద రవళి జుట్టుకు పెట్టుకునే గుడ్డబ్యాండు ఉంటే, తన చెయ్యి తగలకుండా కవరు తొడుక్కుని తీసి దాంట్లో వేశాడు.

చాలాసేపు ఏమీ లేదు. హమ్మయ్య అనుకోబోయాడు. అప్పుడు మెరిసింది. తనకు వచ్చినంత తొందరగా రాలేదు. కొంచెం వచ్చి, ఆగి, అనుమానపడి, మళ్లీ వచ్చింది. చివరికి బ్యాండు చుట్టూ ఉంగరంలా చుట్టుకుంది. సగం తన నెత్తురు కదా మరి.

"గ్లాసుల ఏందది? నీళ్లు తాగేదాంట్ల బట్టలు నానేస్తున్నవా?" అంది భార్య అంజమ్మ వెనకనుంచి. "చేతుల మైల పోయిందంటె బుద్ధిగూడ పోయిందా?"

అతను నీళ్లు పెరట్లో పారబోశాడు. ముందుగదిలో రవళి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. తెల్లచొక్కా, జేబు మీద నీలం దారంతో కుట్టిన పేరు. కాలర్ మడత కింద కూడా వదలకుండా రుద్దుతోంది.

"బిడ్డా" అన్నాడు గడపలో నిలబడి. "ఈ బోటు నౌకరి ఇప్పుడే కావాల్నా? ఇంక కొన్నొద్దులు ఆగితె…"

"మళ్ల మొదలువెట్టినవా నాయినా?" ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఆడివిల్ల బోటేందని మొన్న మావ అన్నడు, ఊకున్న. నువ్వుగూడ అంటవా? ఏం జెయ్యాలె నేను? నీ లెక్క నడుముల్లోతు కంపుల దిగి, బస్సుల ఎక్కితె పక్కోళ్లు లేచి నిలవడాల్నా?"

కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది. అతను అన్నం వద్దని చెప్పి పడుకున్నాడు. నిజం చెబితే బిడ్డ నౌకరి పోతుంది, చెప్పకపోతే బిడ్డే పోతుంది. లెక్క తేలికే. నాలుగో తరగతివాడికి కూడా అర్థమయ్యే లెక్క. అయినా ఆమె చొక్కా వంక చూస్తూ నోరు తెరవలేకపోయాడు.

*

పొద్దున పడవలెక్కే చెక్క జెట్టీ మీద బోటు నేర్చుకున్న ఎనిమిదిమంది పిల్లలు వరుసగా నిలబడ్డారు. పార్కు మేనేజరు శ్రీకర్ సార్ నల్లకళ్లద్దాలతో, చేతిలో టాబ్లెట్‌తో హడావుడి పడుతున్నాడు. ఫొటోలు తీసేవాళ్లు, నడకకు వచ్చినవాళ్లు రెయిలింగు పట్టుకుని చూస్తున్నారు. మొదటి పిల్లవాడు దూకి, అవతలి తెప్పను ముట్టి, నవ్వుతూ తిరిగి వచ్చాడు.

రెండోది రవళి. అంచున కూర్చుని, చల్లదనం చూడ్డానికి పాదం ముంచింది.

నీళ్లు మెరిశాయి. కుంట నడుమనుంచి సన్నటి వెండితీగలు కదిలి ఆమె పాదం వైపు పాకాయి. జనం ఒక్కసారిగా "అబ్బా" అన్నారు. ఫోన్లు పైకి లేచాయి. "సూపర్! అలాగే ఉండు, అలాగే ఉండు" అని శ్రీకర్ సార్ అరిచాడు. రవళి నవ్వుతూ లేచి నిలబడింది. చేతులు ముందుకు చాచింది.

"దుంకకు! దుంకకు బిడ్డా!"

పెంటయ్య తాడు దాటుకుని పరుగెత్తాడు. పొద్దున్నుంచీ పడవల వెనక దాక్కుని ఉన్నాడు. ఆమె నడుము పట్టుకుని వెనక్కి గుంజితే ఇద్దరూ జెట్టీ మీద పడ్డారు. తండ్రి కూడా అంచుకు వచ్చేసరికి మెరుపు రెట్టింపై, చెక్కల కిందికి వచ్చి పడింది.

"ఏంది నాయినా ఇది? అందరి ముంగట!" ఆమె గొంతులో సిగ్గు, కోపం కలిసిపోయాయి.

అతను చేతులు చాపి చూపించాడు. నాలుగు వేళ్లకు గోళ్లు లేవు. "అది చీపురు బిడ్డా. నిన్ను ఊడుస్తది. నన్ను మురికనుకుంటున్నది, నా బిడ్డవు గనక నిన్నుగూడ. తొడుగులు ఏసుకోలె నేను. ఎర్రసీసాల మొదటి బురద ఉత్త చేతుల్తోని తీసిన."

వసుమతి షెడ్డునుంచి పరుగున వచ్చి, ఆ మాట విని, మెట్ల మీదే ఆగిపోయింది.

శ్రీకర్ సార్ కళ్లద్దాలు తీశాడు. "అంటే నువ్వు సంతకం పెట్టింది అబద్ధమా?"

"అబద్ధమే సార్."

"ఎందుకు నాయినా?" రవళి లేవలేదు. "అంత పెద్ద గరిటె ఇచ్చిరి. ముంచనీకి ఏం రోగం నీకు?"

"మొదటిది దోసిలితోనే గద తీయాలె" అన్నాడు మెల్లగా.

చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ఎవరో పిచ్చివాడనుకున్నారు. రవళికి మాత్రం అర్థమైంది. చిన్నప్పుడు తాత ఆమె చేతులు పట్టి నేర్పిందే అది. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

*

షెడ్డులో టీ తెప్పించాడు శ్రీకర్ సార్. ఎవరూ తాగలేదు.

"ఒక్క మనిషికి హాని చేసినా దాన్ని చంపేయాలని రూలుంది" అంది వసుమతి. "సున్నం, బ్లీచింగు కొట్టాలి. చీపురుతోపాటు కొత్తగా వచ్చిన చేపలూ, తామరలూ అన్నీ పోతాయి. నాలాలు వానకు మళ్లీ పొంగుతాయి, కుంట పాతకథకొస్తుంది. మొదటినుంచి మొదలుపెడితే నాలుగేళ్లు. నాకు అంత ఓపిక ఉందో లేదో తెలీదు. అది నా గొడవ." కాగితం, పెన్ను పెంటయ్య ముందుకు జరిపింది. "నీకు దెబ్బ తగిలిందని రాసివ్వు చాలు. నేనూ సంతకం పెడతాను. తప్పు నీ ఒక్కడిదే కాదు. తెల్లసీసాలో మీ చెమట కూడా వెయ్యాలని నాకు తట్టలేదు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు."

"మేడమ్, వారం రోజుల్లో ప్రారంభం" అన్నాడు శ్రీకర్ సార్. బెదిరింపేమీ లేదు ఆ గొంతులో. ఉత్త అలసట. "ఒక్క ఇల్లు. మిగిలిన ఊరంతా చెయ్యి పెట్టొచ్చు. వాళ్లు నీళ్ల దగ్గరికి రాకుండా ఉంటే చాలదా? ఆ అమ్మాయికి మైకు దగ్గర పనిస్తాం. నీడపట్టున కూర్చోవచ్చు."

పెంటయ్య బిడ్డ వంక చూశాడు. "నువ్వు జెప్పు."

"నన్నడగకు" అంది రవళి.

అతను కిటికీలోంచి చూశాడు. బస్తీ ఆడమనిషి ఒకతె మెట్ల మీద కూర్చుని మొహం కడుక్కుంటోంది. కడుక్కుని, దోసిలి పట్టి, ఒక గుక్క తాగింది కూడా. ఈ కుంటలో నీళ్లు తాగే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తండ్రి ఆఖరి రోజుల్లో రోడ్డవతల మంచంలో పడి ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాలి అటు తిరిగినప్పుడల్లా ఏడ్చేవాడు.

"ముప్పై ఏండ్లు దీంట్ల కంపు ఎత్తిపోసిన" అన్నాడు. "మళ్ల కంపు జెయ్యుమని నా చేత్తోని నేను రాయలేను మేడమ్. రాద్దామన్నా పెన్ను పట్టనీకి వేళ్లు జారుతున్నయి."

నవ్వుతారనుకుని చివరి మాట అన్నాడు. ఎవరూ నవ్వలేదు. రవళి లేచి వెళ్లిపోయింది. వసుమతి ఆ ఖాళీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది.

*

పార్కు తెరిచారు. జెట్టీ మీద రవళి పాదం దగ్గర మెరిసిన వెండితీగల వీడియో అప్పటికే ఊరంతా చుట్టేసింది. వచ్చినవాళ్లందరూ అదే అడిగారు. మెరుపు ఎప్పుడొస్తుంది? ఎక్కడ నిలబడితే కనబడుతుంది?

మూడోరోజు శ్రీకర్ సార్ పెంటయ్యను పిలిపించాడు. పాపం, మొహమాటపడుతూనే అడిగాడు. "రోజూ సాయంత్రం ఆరింటికి ఈ కొసనుంచి ఆ కొసకు ఊరికే నడిస్తే చాలు. నీళ్లు ముట్టే పనే లేదు. మేడమ్‌ని కూడా అడిగాను, మూడడుగుల దూరంలో ఉంటే ఏమీ కాదంది."

అంచునుంచి మూడడుగుల దూరంలో పసుపుగీత గీశారు. దానికి "మెరుపు నడక" అని పేరు పెట్టారు. పెంటయ్య అనే పేరు బోర్డు మీద బాగుండదని, ప్రకాశ్ అని రాయించారు. తెల్లచొక్కా కుట్టించారు. జేబు మీద నీలం దారంతో ఆ పేరు.

మైకు గదిలో రవళి. రోజూ ఆరింటికి ఆమె గొంతు స్తంభాలన్నిటిలోంచీ వినబడుతుంది. పుస్తకంలో రాసిచ్చిన భాషలో, బస్తీ యాస ఎక్కడా తగలకుండా. "సందర్శకులకు నమస్కారం. మరికొద్ది క్షణాల్లో శ్రీ ప్రకాశ్ గారి మెరుపు నడక ప్రారంభమవుతుంది. దయచేసి రెయిలింగు దాటవద్దు." ఇంట్లో తండ్రితో రెండు నెలలుగా అన్నం తిన్నవా అన్న మాట తప్ప ఇంకో మాట లేదు.

ఒక ఆదివారం జనం కిక్కిరిసి ఉన్నారు. పెంటయ్య గీత మొదట్లో నిలబడి మైకు కోసం చూస్తున్నాడు. మైకు గరగరమంది.

"సందర్శకులకు నమస్కారం. మరికొద్ది క్షణాల్లో శ్రీ…" ఆగిపోయింది. ఏదో కాగితం పక్కకు పెట్టిన చప్పుడు. మళ్లీ వచ్చిన గొంతు ఇంటి గొంతు. "మా నాయిన నడుస్తున్నడు. ఆయన పేరు పెంటయ్య. ఈ కుంట మొదటి బురద దోసిలితోని తీసిందాయనే. రెయిలింగు దాటకుర్రి."

పేరు వినగానే అక్కడక్కడా నవ్వులు లేచాయి. నాలుగో తరగతి వెనక వరుసలోంచి వచ్చిన నవ్వులే. అతను స్తంభం మీది మైకు వైపు ఒకసారి తలెత్తి చూసి, నడవడం మొదలుపెట్టాడు.

కుంట నడుమనుంచి మెరుపు కదిలింది. అతను నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెయిలింగు దగ్గర ఒకావిడ ఫోను దించి, కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"మీరంటే దానికి అంత ప్రేమా అండీ?"

"ప్రేమ గాదమ్మా" అన్నాడు పెంటయ్య, ఆగకుండానే. "ఊడ్వనీకి వస్తున్నది."

ఆమె జోకనుకుని నవ్వింది. అతను పసుపుగీత మీద చూపు పెట్టి నడిచాడు. ఆ కొస ఇంకా చాలా దూరం ఉంది.